కొత్త కారులో భద్రతా పరికరం పనిచేయకపోతే... వినియోగదారునికి చట్టం కల్పించిన రక్షణ

శ్రీకాకుళం: జిల్లాలోని సంతబొమ్మాళి మండలానికి చెందిన భావనపాడు చిరకాలంగా మత్స్యకారుల గ్రామం. పడవ, వల, ఇంజను మొదలైన వాటి మంచిచెడులు ఇక్కడి వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. పడవ చెక్కకు పగులు వస్తే చేతితో తడిమి చెప్పగల వారు ఈ తీరంలో ఎందరో కలరు. కానీ ఇటీవలి కాలంలో గ్రామాలలోనికి వస్తున్న కొత్త కార్ల సంగతి వేరు. కారులోని ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందో లేదో కంటితో చూసి గాని, చేతితో తాకి గాని తెలుసుకొనే వీలు లేదు. అది పనిచేయదన్న విషయం ప్రమాదం జరిగిన క్షణంలోనే బయటపడుతుంది. అప్పటికి కారు యజమాని ఆసుపత్రిలో ఉంటాడు, కారు షెడ్డులో ఉంటుంది.

ఇటువంటి స్థితిలో వినియోగదారునికి చట్టం ఏమి ఇచ్చింది, దానిని పొందుటకు అతడు ఏమి చేయవలెను అన్న విషయాలు పట్టణాలలో సైతం చాలామందికి తెలియవు. 1986 నాటి చట్టం స్థానంలో వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అమలులోనికి వచ్చింది. 2020 జూలై నుంచి అమలులో ఉన్న ఈ కొత్త చట్టంలో గ్రామీణ వినియోగదారునికి అత్యంత ఉపయుక్తమైన మార్పు ఒకటి కలదు. పూర్వం ఎదుటి పక్షం వ్యాపారం చేసే చోట గాని, వివాదం తలెత్తిన చోట గాని ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు వినియోగదారుడు తాను నివసించే చోట లేదా పనిచేసే చోట ఫిర్యాదు చేసుకొనవచ్చును. భావనపాడు నివాసి ఒకరు విశాఖపట్నంలోని షోరూములో కారు కొన్నారనుకొందాం. ఆ కారు తయారైనది మరో రాష్ట్రంలో, కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్నది ఢిల్లీ పరిసరాలలో. అయినా ఆయన శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. కంపెనీయే ఇక్కడకు వచ్చి సమాధానం చెప్పుకొనవలెను.

సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు

ఈ విషయంలో ప్రతి కారు యజమాని తెలుసుకొనదగిన తీర్పును సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 20న వెలువరించింది. ఢిల్లీకి చెందిన ఒక వినియోగదారు 2015 ఆగస్టులో హ్యుందాయ్ క్రెటా కారు కొన్నారు. ముందు సీట్లకు ఎయిర్‌బ్యాగులు ఉన్న కారు అది. 2017 నవంబరు 16న ఢిల్లీ - పానిపట్ జాతీయ రహదారిపై ఆ కారు ప్రమాదానికి గురైంది. కారు ముందు భాగం బాగా దెబ్బతిన్నప్పటికీ ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. యజమానికి తల, ఛాతీ, దంతాలకు గాయాలైనాయి. ఢిల్లీ రాష్ట్ర వినియోగదారుల కమిషన్ వైద్య ఖర్చులు, ఆదాయ నష్టం కింద 2 లక్షల రూపాయలు, మానసిక వేదనకు 50 వేలు, వ్యాజ్య ఖర్చులకు మరో 50 వేలు చెల్లించాలని, వాహనాన్ని మార్చి ఇవ్వాలని ఆదేశించింది. కంపెనీ జాతీయ కమిషన్‌కు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రెండు చోట్లా ఆ ఆదేశమే నిలిచింది.

తయారీదారు ప్రధాన వాదం ఏమనగా, ముందు నుంచి తగినంత బలంతో ఢీకొన్నప్పుడే ఎయిర్‌బ్యాగులు తెరుచుకొంటాయన్నది. సాంకేతికంగా ఈ మాటలో అసత్యమేమీ లేదు. అయితే ఢీకొన్న వేగాన్ని, బలాన్ని లెక్కగట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కరలేదని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఎయిర్‌బ్యాగులు ఉన్నాయని చెప్పి కారు అమ్మినప్పుడు, ముందు భాగం ఢీకొంటే అవి తెరుచుకొంటాయని సామాన్యుడు భావించడం సహజమేనన్నది. ముందు భాగం నుజ్జయిన తీరే సాక్ష్యంగా సరిపోతుందని, సంఘటన తన కథ తానే చెప్పుకొంటుందన్న న్యాయసూత్రం ఇక్కడ వర్తిస్తుందని అభిప్రాయపడింది. భద్రతా వ్యవస్థ ఆశించిన ప్రమాణంలో లేకపోవడం కేవలం నష్టపరిహారంతో సరిపుచ్చదగిన విషయం కాదని, ఇతరులకు హెచ్చరికగా ఉండే శిక్షాత్మక పరిహారం విధించవచ్చునని, దానిని లెక్కించేటప్పుడు కంపెనీ స్తోమతను కూడా చూడవచ్చునని తెలిపింది.

ఈ తీర్పులో మరొక అంశం అంతకన్న ముఖ్యమైనది. చట్టం ప్రకారం ఫిర్యాదు చేయుటకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. కారు కొని రెండేళ్ళు దాటింది గనుక ఫిర్యాదు చెల్లదన్న వాదం సాధారణంగా వినవస్తుంది. ఎయిర్‌బ్యాగు లోపం ప్రమాదానికి ముందు తెలుసుకొనే మార్గమే లేదు గనుక గడువును ప్రమాదం జరిగిన రోజు నుంచే లెక్కించవలెనని సుప్రీంకోర్టు నిర్ణయించింది. రెండేళ్ళు దాటిపోయినాయని షోరూములో ఎవరో చెప్పిన మాట విని వెనుదిరిగేవారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

అయితే ప్రతి లోపానికీ కొత్త కారు వస్తుందని ఆశపడరాదు. మారుతీ ఉద్యోగ్ కంపెనీకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2006లో వేరొక మార్గాన్ని అనుసరించింది. ఆ కేసులో లోపం క్లచ్‌కు సంబంధించినది. వారంటీ షరతుల ప్రకారం లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం కంపెనీ బాధ్యతే గాని మొత్తం కారును మార్చనక్కరలేదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఒక భాగం మారిస్తే సరిపోయే లోపానికి, ప్రాణాన్ని కాపాడవలసిన వ్యవస్థ అవసరమైన క్షణంలో విఫలమైన లోపానికి మధ్య ఉన్న తేడాను ఈ రెండు తీర్పులు పక్కపక్కన చదివితే గ్రహించవచ్చును.

లోపమా, పరిమితియా?

షోరూములకు వచ్చే ఫిర్యాదులలో కొన్ని నిజానికి లోపాలు కావు. ఉదాహరణకు, తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు కాలి కింద పెడల్ టకటక కొట్టుకొన్నట్లు కదులుతుంది. చక్రం బిగుసుకొని జారిపోకుండా యాంటీ లాక్ బ్రేకింగ్ వ్యవస్థ పనిచేస్తున్నదనడానికి అది గుర్తు. మొదటిసారి అనుభవమైనవారు భయపడి పాదం తీసివేస్తారు. అది ప్రమాదకరం. అట్లే కారును పక్కనుంచి ఢీకొన్నప్పుడు గాని, కారు బోల్తా పడినప్పుడు గాని ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవచ్చును. ఎయిర్‌బ్యాగు సుమారు 30 మిల్లీసెకన్లలో, అంటే రెప్పపాటు కంటె తక్కువ సమయంలో ఉబ్బుతుంది. సీటు బెల్టు పెట్టుకొననివారికి అదే దెబ్బగా మారే అవకాశం కలదు.

కెమెరా, రాడార్‌ల సాయంతో తనంతట తానే బ్రేకు వేసే కార్లు కూడా ఇప్పుడు జిల్లా రోడ్ల మీద కనిపిస్తున్నాయి. ఇట్టి వ్యవస్థలు పశువులను, అడ్డదిడ్డంగా వచ్చే వాహనాలను అన్ని వేళలా గుర్తించలేకపోవచ్చునని కంపెనీలు యజమాని పుస్తకంలో రాస్తాయి. అమ్మే సమయంలో ఈ మాట చెప్పరు. ప్రకటనలో కారు తనంతట తానే ఆగినట్లు చూపి, వందల పుటల పుస్తకంలో ఒక మూల మినహాయింపు రాయడం ఎంతవరకు సబబన్నది కమిషన్ల ముందు తేలవలసిన విషయం. అందుచేత కారు కొనేటప్పుడు ఇచ్చిన కరపత్రాన్ని, ప్రకటన ప్రతిని, అమ్మకందారు ఫోనులో పంపిన సందేశాలను భద్రపరచడం అవసరం. కంపెనీ ఇచ్చిన హామీకి వస్తువు అనుగుణంగా లేకపోతే, ఆ హామీ ఇవ్వడంలో తన నిర్లక్ష్యం గాని మోసం గాని లేదని నిరూపించుకొన్నా తయారీదారు బాధ్యత తప్పదని 2019 చట్టం చెబుతున్నది. తయారీలో లోపం, రూపకల్పనలో లోపం, నిర్దేశిత ప్రమాణం నుంచి పక్కకు పోవడం, వాడుక గురించి తగిన సూచనలు ఇవ్వకపోవడం కూడా ఉత్పత్తి బాధ్యత కిందకు వస్తాయి.

ఇక ఉప్పుగాలి సంగతి. భావనపాడు, నౌపడా ప్రాంతం ఉప్పుమడులకు ప్రసిద్ధి. సముద్రపు తేమ, ఉప్పు కలిసిన గాలి ఇనుమును ఎట్లు తింటాయో ఇక్కడి ఇళ్ళ తలుపుల గడియలు చూస్తే తెలుస్తుంది. కారు సీటు కింద ఉండే విద్యుత్ కనెక్టర్లకు చిలుము పడితే ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం వెలుగుతుంది. సాధారణంగా కారు తాళం తిప్పగానే ఈ దీపం వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవలెను. ఆరకుండా వెలుగుతూ ఉన్నా, అసలు వెలగకపోయినా వ్యవస్థలో తేడా ఉన్నట్లే. ఉప్పు, తేమ వలన కలిగే నష్టానికి వారంటీ వర్తించదని కొన్ని పత్రాలలో షరతు కనిపిస్తుంది. సముద్రతీరంలో నివసించేవారు డబ్బు కట్టక మునుపే ఈ షరతును చదివించుకొని, భద్రతా పరికరాలకు అది వర్తిస్తుందా అని లిఖితపూర్వకంగా అడగడం మంచిది. తీర జిల్లాలో కారు అమ్మేవారికి తీరపు గాలి ఎట్లుంటుందో తెలియదనుకోలేము.

తేమ గురించి ప్రపంచానికి కనువిప్పు కలిగించినది టకాటా ఉదంతం. జపాన్‌కు చెందిన ఈ కంపెనీ అనేక కార్ల సంస్థలకు ఎయిర్‌బ్యాగులు సరఫరా చేసింది. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం వేడికి, తేమకు సంవత్సరాల తరబడి గురై చెడిపోయి, ఎయిర్‌బ్యాగు తెరుచుకొనే సమయంలో లోహపు డబ్బా పేలి ముక్కలు ప్రయాణికులకు గుచ్చుకొన్నాయి. వేడి, తేమ అధికంగా ఉండే ప్రాంతాలలోనే ముప్పు ఎక్కువని అమెరికా రహదారి భద్రతా సంస్థ గుర్తించింది. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల పరికరాలను వెనుకకు పిలిపించవలసి వచ్చింది. 2017లో టకాటా దివాలా తీసింది. భారతదేశంలోను పలు కంపెనీలు ఈ కారణంగా తమ కార్లను రప్పించి పరికరాలు మార్చినాయి.

కార్లను వెనుకకు పిలిపించడం

కంపెనీ తానే లోపాన్ని గుర్తించి కార్లను వెనుకకు పిలిపించడాన్ని రీకాల్ అంటారు. ఉదాహరణకు 2023 జనవరిలో మారుతీ సుజుకీ సంస్థ ఎయిర్‌బ్యాగు కంట్రోలర్‌లో లోపం ఉండవచ్చునన్న అనుమానంతో 17,362 కార్లను వెనుకకు పిలిపించింది. ఆ భాగం మార్చేవరకు కారు నడపవద్దని యజమానులకు సూచించింది. ఇట్టి మరమ్మతుకు యజమాని ఒక్క రూపాయి కూడా చెల్లించనక్కరలేదు. కారు చేతులు మారి రెండవ యజమాని వద్ద ఉన్నా అంతే.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా కంపెనీ ముందుకు రాని సందర్భంలో కేంద్ర ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించే అధికారం పొందింది. ఈ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. ఏడేళ్ళలోపు వాహనాలకు ఇవి వర్తిస్తాయి. నిర్ణీత సంఖ్యలో యజమానులు ఒకే లోపంపై ఫిర్యాదు చేస్తే విచారణ జరుగుతుంది. లోపం రుజువైతే కంపెనీ వాహనం ధర తిరిగి ఇవ్వడమో, వేరొక వాహనం ఇవ్వడమో, బాగుచేసి ఇవ్వడమో చేయవలెను. జరిమానా కోటి రూపాయల వరకు ఉండవచ్చును. ఒక్కరి ఫిర్యాదు వలన ఏమవుతుందిలే అనుకొనేవారు ఈ లెక్కను గమనించవలెను. ఆ ఒక్కటి కూడా సంఖ్యలో చేరుతుంది.

రీకాల్ సమాచారం సాధారణంగా కారు కొన్నప్పుడు ఇచ్చిన ఫోను నంబరుకు, చిరునామాకు వస్తుంది. జీవనోపాధికై గుజరాత్‌లోని వేరావల్ వంటి ఓడరేవులకు వలస వెళ్ళే కుటుంబాలు ఈ తీరంలో అధికం. నంబరు మారితే సందేశం అందదు. కాబట్టి వాహన రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో నమోదు చేసి తమ కారు ఆ జాబితాలో ఉన్నదో లేదో అప్పుడప్పుడు చూసుకొనవలెను. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి ఇది మరింత అవసరం.

ఫిర్యాదుకు ముందు చేయవలసినవి

కమిషన్ ముందు ఓడిపోయే కేసులలో తరచు కనిపించే కారణం ఆధారాలు లేకపోవడమే. హెచ్చరిక దీపం వెలిగితే సర్వీసు కేంద్రంలో నోటిమాటగా చెప్పి ఊరుకోరాదు. జాబ్ కార్డులో ఆ ఫిర్యాదును అదే మాటలలో రాయించి ప్రతి తీసుకొనవలెను. అంతా బాగానే ఉన్నదని చెప్పి పంపితే, ఏ పరీక్ష చేసినారో, కంప్యూటరులో ఏ లోపపు సంకేతం కనిపించిందో రాసి ఇమ్మని అడగవలెను. ఒకే లోపానికి మూడుసార్లు వెళ్ళిన జాబ్ కార్డులు మూడు ఉంటే, అవి పది పేజీల వాదన కంటె బలమైనవి.

ప్రమాదం జరిగినప్పుడు వైద్యం ముందు. పిదప పోలీసులకు ఫిర్యాదు, మోటారు వాహన తనిఖీ అధికారి నివేదిక, ఆసుపత్రి గాయాల ధ్రువపత్రం, అన్ని వైపుల నుంచి తీసిన ఫోటోలు సేకరించవలెను. చాలామందికి తెలియని విషయం ఒకటి కలదు. ఎయిర్‌బ్యాగు కంట్రోల్ యూనిట్లలో చాలావాటిలో ఢీకొన్న క్షణపు వివరాలు నమోదై ఉంటాయి. మరమ్మతు పేరిట ఆ పెట్టెను తీసివేస్తే ఆధారం పోయినట్లే. కారు పూర్తిగా పాడైందని బీమా కంపెనీ పరిహారం ఇచ్చి కారును తీసుకొనిపోయినా అంతే. అందుచేత నిపుణుల తనిఖీ పూర్తయ్యే వరకు కారును ఉన్నది ఉన్నట్లు ఉంచవలెనని డీలరుకు, బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.

సొంతంగా చేయించిన మార్పులు కేసుకు చేటు తెస్తాయి. కారు ముందు బిగించే ఇనుప గార్డు చూడడానికి బలంగానే ఉంటుంది. కానీ సెన్సార్లకు చేరవలసిన దెబ్బ తీరును అది మార్చివేస్తుంది. ఇట్టి గార్డులపై చర్య తీసుకొనవలసిందిగా కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలను కోరింది. పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్న సీట్లకు బిగుతైన కవర్లు తొడగడం, బయటి మెకానిక్ చేత వైర్లు కోయించి హారన్లు, దీపాలు పెట్టించడం కూడా ఇట్టివే. వస్తువును మార్చినా, దుర్వినియోగం చేసినా దావా నిలువదని చట్టం చెబుతున్నది.

కమిషన్‌లో దాఖలు

కారుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అంతకు మించితే జాతీయ కమిషన్ విచారిస్తాయి. కోరే పరిహారం ఎంత పెద్దదైనా చూసేది చెల్లించిన ధరనే. కారు మంటల్లో చిక్కుకొని యజమాని మరణించిన ఒక కేసులో ఆ కుటుంబం ఈ నిబంధనను సవాలు చేయగా, సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో నిబంధనను సమర్థించింది. రుసుము స్వల్పం. ధర 5 లక్షల వరకు ఏమీ లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400 రూపాయలు, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. న్యాయవాది తప్పనిసరి కాదు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చును. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చును.

డీలరును, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం ఉచితం. ఒకరు మరొకరిపై నెపం వేసి తప్పుకొనే అవకాశం అప్పుడు ఉండదు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకొంటే వస్తువును తగిన ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చును. నివేదికకు 45 రోజుల గడువు ఉంటుంది. పరీక్ష అవసరం లేని కేసును 3 నెలల్లో, అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చవలెనని చట్టం నిర్దేశించింది. ఆచరణలో అంతకన్న ఎక్కువ కాలమే పడుతున్నదన్నది అందరికీ తెలిసిన విషయం. తుది ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ళ వరకు జైలు గాని, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా గాని, లేదా రెండూ గాని విధించవచ్చును.

చేపల వ్యాపారానికి వ్యాను కొన్నవారు, టాక్సీ తిప్పేవారు తాము వినియోగదారులమా కాదా అని సందేహిస్తారు. వాణిజ్య ప్రయోజనానికి కొన్న వస్తువు చట్టం కిందకు రాదన్న మాట నిజమే. అయితే స్వయం ఉపాధితో పొట్ట పోసుకొనుటకు కొని తానే నడుపుకొనే వ్యక్తి వినియోగదారుడే. సుప్రీంకోర్టు 1995లోనే ఈ తేడాను వివరించింది. పది వాహనాలు కొని జీతగాళ్ళ చేత తిప్పే సంస్థకు ఈ వెసులుబాటు లేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చును. కాల్ ఉచితం. అనేక ఫిర్యాదులు కంపెనీతో సంప్రదింపుల దశలోనే పరిష్కారమవుతాయి. అయితే హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. అక్కడ ఫిర్యాదు పెండింగులో ఉన్నంత మాత్రాన రెండేళ్ళ గడువు ఆగదు. కనుక పరిష్కారం ఆలస్యమవుతున్నట్లు కనిపిస్తే, గడువు ముగియక మునుపే కొనుగోలు రసీదు, వారంటీ పత్రం, జాబ్ కార్డులు, నోటీసు ప్రతులతో శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ కార్యాలయంలో ఫిర్యాదు దాఖలు చేయవలసి ఉంటుంది.